టీకా సూది తర్వాత భుజం లేవకపోతే... నష్టపరిహారం తోవ ఎట్లుంటది?

(రామాయంపేటలో పథకాల లబ్ధిదారుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ఫోన్‌లో దాచుకొని, అవసరమైనప్పుడు చదువుకోండి. ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.)



మీలో ఆసరా పింఛన్ తీసుకునేవాళ్లున్నరు, ఉపాధి హామీ కూలీలున్నరు, బీడీలు చేసే అక్కలున్నరు, ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్లున్నరు. ఈరోజు మాట్లాడుకునే సంగతి చిన్నగ కనిపిస్తది. దవాఖానలో జబ్బకు టీకా సూది వేసిండ్రు. రెండు రోజులు నొప్పి ఉండుడు మామూలే. కానీ నెల గడిచినా చెయ్యి పైకి లేవకపోతే ఏం చెయ్యాలె? తప్పు జరిగిందని అనిపిస్తే పరిహారం అడగొచ్చా? ఎవరిని అడగాలె? ఎప్పటిలోగా అడగాలె?

ముందే ఉన్నమాట చెప్తున్నా. మన దేశంలో మామూలు టీకాలతో భుజం దెబ్బతిన్నవాళ్లకు ఫారం నింపి ఇస్తే పైసలు చేతికొచ్చే పథకం ఏదీ లేదు. ఎవరైనా "వెయ్యి రూపాయలు ఇయ్యి, టీకా పరిహారం శాంక్షన్ చేయిస్తా" అంటే నమ్మకండి. తోవలు ఉన్నయి, అయితే అవి చట్టం తోవలు. ఆ తోవలో మీకు తోడొచ్చేవి రెండే: కాగితం, సమయం. ఈ ప్రసంగమంతా ఆ రెండింటి గురించే.

1. ముందుగాల భయం తీసేద్దాం

టీకా సూది వేసుకున్నాక జబ్బ నొయ్యడం, కొంచెం వాయడం, సన్నగా జ్వరం రావడం మామూలే. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అందుకు భయపడి టీకాలు మానెయ్యకండి. గర్భిణులకు వేసే టీడీ సూది, పదేళ్లకు, పదహారేళ్లకు వేసే టీడీ సూది, దెబ్బ తగిలినప్పుడు మనం ఇంకా 'టీటీ' అని పిలుచుకునే సూది, ఇవన్నీ ధనుర్వాతం నుంచి కాపాడేవే. కుక్క కరిస్తే వేసే రేబిస్ టీకా సంగతైతే చెప్పనక్కర్లేదు. రేబిస్ లక్షణాలు మొదలైనాక మనిషి బతకడం దాదాపు జరగదు. భుజం నొప్పి వచ్చిందని కుక్కకాటు సూదులు మధ్యలో ఆపకండి. "ఈ చెయ్యి నొస్తుంది, రెండో చేతికి వెయ్యండి" అని అడగండి. అంతేగాని డోసు తప్పించొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. కొద్దిమందికి నొప్పి తగ్గదు. సూది వేసిన గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో భుజం లోపల గట్టి నొప్పి మొదలవుతుంది. చెయ్యి పక్కకు లేపలేరు. వెనక్కి పెట్టలేరు. ఆ పక్కకు ఒరిగి పండుకోలేరు. వారాలు, నెలలు గడిచినా అట్లనే ఉంటది.

ఇది ఎందుకు వస్తుంది? జబ్బ మీద గుండ్రంగా ఉండే కండలో సూది వెయ్యాలి. భుజం చివర చేతికి తగిలే ఎముక మొన నుంచి రెండు మూడు వేళ్ల వెడల్పు కిందికి వచ్చినాక అసలు చోటు మొదలవుతుంది. అంతకంటే పైకి వేస్తే సూది కండలో కాకుండా కీలు దగ్గరున్న మెత్తటి సంచిలోకి, కండరాలు ఎముకకు అతికే చోటికి పోవచ్చు. అక్కడ మందు పడితే లోపల వాపు వస్తుంది. ఆ వాపుతో భుజం బిగుసుకుపోతుంది. అంటే చాలాసార్లు ఇబ్బంది టీకా మందుతో రాదు, సూది గుచ్చిన చోటుతో వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. కేసులో ఇదే మూలం.

ఒక చిన్న జాగ్రత్త కూడా చెప్తా. టీకాకు పోయేటప్పుడు వదులు చేతుల జాకెట్ గాని, పూర్తిగా పైకి మడిచే చొక్కా గాని వేసుకోండి. బిగుతు చేతిని సగం మడిచినా, మెడ దగ్గర చొక్కాను పక్కకు గుంజి చూపించినా పైభాగమే కనిపిస్తది. సూది అక్కడే పడుతుంది. జబ్బంతా కనిపించేటట్టు కూర్చోండి.

2. ఒక అక్క కథ అనుకుందాం

ఇది ఉదాహరణకు చెప్తున్న కథ. ఒక బీడీల అక్కకు రేకు కోసుకుంది. దగ్గర్లో సూది వేయించుకుంది. ఆ రాత్రి నుంచే భుజం పోటు. "సూది నొప్పే, తగ్గుతది" అన్నరు. కాపడం పెట్టుకుంది. మెడికల్ షాపులో గోలీలు కొనుక్కొని మింగింది. బిల్లు తీసుకోలేదు. మూడో నెలకు తల దువ్వుకోవడం కూడా బిడ్డతో చేయించుకుంటుంది. బిందె ఎత్తలేదు. బీడీలు సగానికి పడిపోయినయి. అప్పుడు పెద్ద డాక్టర్ దగ్గరికి పోయింది. ఆయన చీటీ మీద "మూడు నెలలుగా భుజం నొప్పి" అని రాసిండు. సూది మాటే రాయలేదు, ఎందుకంటే ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆరో నెలకు ఎవరో చెప్తే పరిహారం అడుగుదామని వచ్చింది. అప్పుడు మొదటి ప్రశ్న: సూది ఏ తారీఖున వేసిండ్రు? కార్డు లేదు. రెండో ప్రశ్న: నొప్పి ఎప్పుడు మొదలైంది? ఎక్కడా రాసి లేదు. మూడో ప్రశ్న: షుగర్ ఉందా? ఉంది. ఇంకేముంది, అవతలి పక్షం ఒక్క మాట అంటది: "షుగర్ ఉన్నవాళ్లకు భుజం బిగుసుకునుడు మామూలే, సూదితో సంబంధం లేదు."

ఆ అక్క చెప్పింది నిజమే కావచ్చు. కానీ నిజానికి సాక్ష్యం లేకుండా పోయింది. మనం నేర్చుకోవాల్సింది ఇదే.

3. మొదటి 48 గంటల్లో ఏం చెయ్యాలి?

ఈ 48 గంటల మాట ఎక్కడిది? అమెరికాలో టీకా వల్ల దెబ్బతిన్నవాళ్లకు పరిహారం ఇచ్చే జాతీయ కార్యక్రమం 1988 నుంచి నడుస్తుంది. 1986లో చేసిన చట్టం దానికి ఆధారం. ఒక్కో టీకా డోసు మీద, అది ఆపే ఒక్కో జబ్బుకు 75 సెంట్ల చొప్పున పన్ను వేసి ఆ నిధి నింపుతారు. 2017లో భుజం దెబ్బను కూడా ఆ కార్యక్రమం పట్టికలో చేర్చారు. అక్కడ దీన్ని పొట్టిగా 'సిర్వా' అంటారు. పట్టికలో నాలుగు సంగతులు చూస్తారు:

- సూదికి ముందు ఆ భుజంలో నొప్పిగాని, వాపుగాని, ఇబ్బందిగాని లేకపోవడం.
- సూది వేసిన 48 గంటల లోపే నొప్పి మొదలుకావడం.
- నొప్పి, బిగుసుకుపోవడం సూది వేసిన భుజానికే పరిమితం కావడం.
- ఆ నొప్పికి వేరే జబ్బు ఏదీ కారణం కాకపోవడం.

మన కోర్టులకు ఇది చట్టం కాదు. అయినా మన డాక్టర్ ముందర, మన జడ్జి ముందర నిలబడే ప్రశ్నలు దాదాపు ఇవే. అందుకే ఈ నాలుగింటికి జవాబు కాగితం మీద ఉండాలె.

మీరు చెయ్యాల్సినవి:

ఒకటి. టీకా కార్డు, తల్లీబిడ్డల కార్డు, ఓపీ చీటీ, కోవిడ్ సర్టిఫికెట్, ఏది ఉంటే అది ఫోటో తీసి పెట్టుకోండి. తారీఖు, టీకా పేరు, ఏ చేతికి వేసిండ్రు, ఇవి కావాలె. బ్యాచ్ నంబరు రాసి ఉంటే ఇంకా మంచిది.

రెండు. నొప్పి గట్టిగా ఉంటే రెండు రోజుల్లోపే దవాఖానకు పోండి. డాక్టర్‌కు ఈ ఒక్క వాక్యం చెప్పండి: "ఫలానా తారీఖున ఈ చేతికి టీకా వేసిండ్రు, ఫలానా సమయానికి నొప్పి మొదలైంది, అంతకుముందు ఈ భుజం మంచిగనే ఉండె." ఇది చీటీ మీద రాయమని మర్యాదగా అడగండి. రాసినాక చదివించుకోండి.

మూడు. సూది గుర్తు కనిపిస్తుంటే, ఎముక మొన కూడా కనపడేటట్టు ఫోటో తీయించుకోండి. పక్కన ఒక స్కేలు పెడితే ఇంకా మంచిది.

నాలుగు. ఒక నోటుబుక్కులో రోజూ రెండు ముక్కలు రాయండి. ఈరోజు జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోయిన, ఈరోజు పొలం పోలేదు, ఈరోజు ఎన్ని బీడీలు చేసిన. రాయడం రాకపోతే పిల్లలతో రాయించండి, లేదంటే ఫోన్‌లో మాట రికార్డు చెయ్యండి.

ఐదు. ప్రతి బిల్లు, ప్రతి స్కానింగ్ రిపోర్టు దాచండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. అవి ఉన్నవాళ్లకు భుజం బిగుసుకునే గుణం ఎక్కువ. ఆ సంగతి దాచిపెడితే తర్వాత కేసు కూలిపోతది. ముందే తేలితే డాక్టర్ రెండింటినీ బేరీజు వేసి అభిప్రాయం రాస్తడు.

వైద్యం సంగతి కూడా ఆలస్యం చెయ్యొద్దు. నొప్పి మందులు, ఫిజియోథెరపీ, అవసరమైతే కీలులో వేసే ఇంజెక్షన్, ఇవి డాక్టర్ చెప్పినట్టు చేయించుకోండి. కేసు కోసం నొప్పిని ఉంచుకున్నోళ్లు రెండు విధాలా నష్టపోతారు. భుజం పోతది, "వైద్యం చేయించుకోలేదు" అని పరిహారం కూడా తగ్గుతది.

4. సర్కారుకు తెలపాలి: అది మీ హక్కు

టీకా తర్వాత వచ్చే ఏ ఇబ్బందినైనా నమోదు చేసే పద్ధతి మన దేశంలో ఉంది. ఆశా కార్యకర్తకు గాని, ఏఎన్ఎం అమ్మకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌కు గాని చెప్పొచ్చు. గట్టి ఇబ్బంది అయితే డాక్టర్ ఫారం నింపి జిల్లా టీకాల అధికారికి పంపుతారు. జిల్లాలో, రాష్ట్రంలో, కేంద్రంలో దీనికి కమిటీలున్నాయి. మీ అంతట మీరే మందుల దుష్ప్రభావాల హెల్ప్‌లైన్ 1800-180-3024కు ఫోన్ చేసి కూడా చెప్పొచ్చు.

కమిటీ కారణం తేల్చేటప్పుడు వేర్వేరు గంపల్లో వేస్తుంది. టీకా మందు గుణం వల్ల వచ్చిందా? టీకా నాణ్యతలో లోపమా? టీకా ఇచ్చే పద్ధతిలో పొరపాటా? సూది భయంతో వచ్చిందా? లేక అదే సమయానికి యాదృచ్ఛికంగా వచ్చిన వేరే జబ్బా? సూది పైకి పడి భుజం దెబ్బతింటే అది 'ఇచ్చే పద్ధతిలో పొరపాటు' గంపలోకి వస్తుంది.

ఈ గంపలు ఎందుకు ముఖ్యమో ఒక చేదు ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకాలు వేసిన పసిపిల్లలకు జ్వరం గోలీ బదులు వేరే నొప్పి గోలీ ఇచ్చారు. చాలామంది పిల్లలు దవాఖాన పాలయ్యారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు. ఊళ్లలో "టీకా వికటించింది" అని పాకింది. తీరా చూస్తే తప్పు టీకాది కాదు, గోలీది. ఎక్కడ పొరపాటు జరిగిందో తేలితేనే బాధ్యత తేలుతుంది, టీకా మీద జనానికి నమ్మకం కూడా నిలుస్తుంది.

ఇంకో మాట. నమోదు చేయించినంత మాత్రాన పరిహారం రాదు. కానీ ఆ నమోదు మీ చేతిలో ఉన్న తొలి సర్కారు కాగితం అవుతుంది. నోటిమాటతో ఊరుకోకుండా దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, సంతకం తీసుకోండి. ఇట్ల రాయొచ్చు:

*"వైద్యాధికారి గారికి. నేను ఫలానా గ్రామం, ఫలానా పేరు. ...... తారీఖున ...... వద్ద నా కుడి/ఎడమ చేతికి ...... టీకా వేశారు. అదే రోజు/మరుసటి రోజు ...... గంటలకు భుజంలో తీవ్రమైన నొప్పి మొదలైంది. చెయ్యి పైకి లేవడం లేదు. అంతకుముందు ఈ భుజానికి ఏ ఇబ్బందీ లేదు. దీన్ని టీకా తర్వాతి దుష్ప్రభావంగా నమోదు చేసి, జిల్లా అధికారికి పంపి, నాకు నమోదు కాపీ ఇప్పించగలరు. జత: టీకా కార్డు, ఓపీ చీటీల నకళ్లు."*

తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టులో పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటది, అక్కడ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద "నా దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నారు" అని అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలె. పేదరిక రేఖకు దిగువన ఉన్నట్టు ఆధారం జతచేస్తే ఫీజు లేదు. మీ వైద్య రికార్డుల నకళ్లు అడిగితే డాక్టర్ 72 గంటల్లో ఇవ్వాలని వైద్య వృత్తి నియమాలు చెప్తున్నాయి. లిఖితపూర్వకంగా అడగండి.

5. పరిహారం ఏ తోవలో అడగాలి?

సూది ఎక్కడ వేశారన్నదాన్ని బట్టి తోవ మారుతుంది.

*పైసలిచ్చి ప్రైవేటులో వేయించుకుంటే:* వినియోగదారుల కమిషన్ తోవ ఉంది. వైద్యం కూడా 'సేవ' కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995 నవంబర్ 13న వి.పి. శాంతా కేసులో చెప్పింది. ఇప్పుడున్న 2019 చట్టం ప్రకారం మీరుండే చోటే ఫిర్యాదు వెయ్యొచ్చు. గడువు రెండేళ్లు. మీరు సేవకు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, సూది ఖర్చు అంతకంటే ఎక్కడికి పోతది? సలహాకు 1915కు ఫోన్ చెయ్యొచ్చు. బిల్లు మాత్రం ఉండాలె. అందుకే యాభై రూపాయల సూదికైనా చీటీ అడగండి.

*సర్కారు దవాఖానలో ఉచితంగా వేయించుకుంటే:* ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. అందరికీ పూర్తి ఉచితంగా సేవ చేసే చోట వినియోగదారుల చట్టం వర్తించదని అదే 1995 తీర్పు చెప్పింది. అక్కడ కేసు వేస్తే నెలలు గడిచి, చివరికి "ఇది మా పరిధి కాదు" అంటారు. అప్పటికి వేరే గడువులు దాటిపోతాయి. అట్లాగని సర్కారుకు బాధ్యత లేదని కాదు. రెండు తోవలున్నాయి.

మొదటిది శాశ్వత లోక్ అదాలత్. దవాఖాన సేవ 'ప్రజోపయోగ సేవ' కిందికి వస్తుంది. కోటి రూపాయల లోపు వివాదాలు ఇది వినొచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతే తీర్పు ఇస్తారు. ఆ తీర్పు మీద మామూలు అప్పీలు ఉండదు. అందుకని కాగితాలన్నీ సిద్ధం చేసుకొని పోవాలె. అక్కడ దరఖాస్తు పెట్టినాక అదే వివాదంతో సివిల్ కోర్టుకు పోరాదు.

రెండోది సివిల్ దావా. సర్కారు మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలె. దావా రకాన్ని బట్టి గడువు మారుతుంది, కొన్నింటికి ఏడాదే. కాబట్టి మీరు ఏడాది దాకా ఆగకుండా, మూడు నాలుగు నెలల్లోనే వకీలును కలవండి.

"సర్కారు మీద పేదోళ్లు గెలుస్తరా?" అని అడుగుతరు. గెలిచినరు. హర్యానాలో సంత్ర అనే కూలి మహిళ 1988లో సర్కారు దవాఖానలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది. సర్కారు పథకం కింద, ఉచితంగా. పూర్తయిందని కాగితం కూడా ఇచ్చారు. తర్వాత మళ్లీ గర్భం వచ్చింది. చూస్తే ఒక పక్క నాళానికే ఆపరేషన్ చేశారు. ఆమె సివిల్ కోర్టుకు పోయింది. ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా పోయి "మాకు బాధ్యత లేదు" అని వాదించింది. 2000లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. డాక్టర్ నిర్లక్ష్యానికి ప్రభుత్వం బాధ్యత వహించాలని చెప్పి పరిహారాన్ని నిలబెట్టింది. ఉచిత పథకమైనా జాగ్రత్తగా చెయ్యాల్సిన బాధ్యత తగ్గదు. ఆమె చేతిలో ఆ కాగితం ఉందన్నది మర్చిపోకండి.

ఇంకో కేసు మన దగ్గరిదే, 2010 మార్చి 8న సుప్రీంకోర్టు తీర్పిచ్చిన వి. కిషన్‌రావు కేసు. ఒక ప్రైవేటు దవాఖానలో ఆయన భార్య జ్వరానికి మలేరియా అని పట్టుకోకుండా టైఫాయిడ్ వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని పైన కొట్టేశారు, నిపుణుడి సాక్ష్యం లేదన్నారు. సుప్రీంకోర్టు మాత్రం, తప్పు స్పష్టంగా కనిపించే ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పి జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టింది. అక్కడ పని చేసింది తర్వాతి దవాఖానలో చేసిన పరీక్షల రికార్డు. అయినా భుజం కేసుల్లో ఎముకల డాక్టర్ అభిప్రాయం తీసుకోవడమే మంచిది. సూదికీ నొప్పికీ సంబంధం అంత తేటగా కనిపించదు.

*పోలీసు కేసు సంగతి:* కోపంతో ముందు ఠాణాకు పోతామంటారు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసుకు మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని చెప్పింది. సూది ఒక అంగుళం పైకి పడడం ఆ మెట్టు దాటడం కష్టం. పైగా ఏఎన్ఎం అమ్మ మన ఊరి మనిషే. ఎండలో, వానలో సంచి భుజానేసుకొని మన పిల్లల కోసం తిరిగే మనిషి. పరిహారం ఆమె జీతం నుంచి రావాలని మనం కోరడం లేదు. ఆమెకు శిక్షణ ఇచ్చి పనిలో పెట్టిన వ్యవస్థ జవాబు చెప్పాలని కోరుతున్నాం. ఆమెతో కొట్లాడితే నమోదు చేయించే మొదటి మనిషినే దూరం చేసుకుంటాం.

*కోవిడ్ టీకా అయితే:* 2022 నవంబర్‌లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో, కోవిడ్ టీకా తర్వాత నష్టం జరిగిందనుకునేవాళ్లు సివిల్ కోర్టుకు పోవచ్చని, టీకా దుష్ప్రభావాలకు ప్రభుత్వాన్ని నేరుగా బాధ్యురాలిని చెయ్యలేమని చెప్పింది. ఈ విషయంలో తాజా ఉత్తర్వులేమున్నాయో న్యాయ సేవాధికార సంస్థలో అడిగి తెలుసుకోండి. వాట్సాప్‌లో వచ్చే ముక్కలు నమ్మి గడువు పోగొట్టుకోకండి.

*పిల్లలు అమెరికాలో ఉంటే:* మనుమలను చూడటానికి పోయి అక్కడి మందుల షాపులో ఫ్లూ సూది వేయించుకునే పెద్దలున్నారు. సూది అమెరికాలో వేశారంటే, వేయించుకున్నవాళ్లు ఆ దేశ పౌరులు కాకపోయినా అక్కడి పరిహార కార్యక్రమంలో దరఖాస్తు చెయ్యొచ్చు. ఇబ్బంది సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండాలి. మొదటి లక్షణం కనిపించిన మూడేళ్లలో వెయ్యాలి. కోవిడ్ టీకాకు అక్కడ వేరే కార్యక్రమం, గడువు ఏడాదే.

6. ఎంత అడగాలి? లెక్క ఎట్ల వెయ్యాలి?

"ఐదు లక్షలు అడుగుదాం" అని గాలిలో అంకె వేస్తే నిలబడదు. ముక్క ముక్క లెక్క వెయ్యాలె. ఉదాహరణకు అంకెలు అనుకుందాం:

- పోయిన కూలి: రోజుకు 200 రూపాయలు, 100 రోజులు: 20,000
- ఫిజియోథెరపీ: ఒక్కోసారి 300, 20 సార్లు: 6,000
- స్కానింగ్, మందులు, డాక్టర్ ఫీజు: 7,000
- ఆటో చార్జీలు, తోడొచ్చిన మనిషి ఖర్చు: 2,000
- మొత్తం చేతి నుంచి పోయింది: 35,000

దీని మీద నొప్పికి, బాధకు, ముందుముందు చెయ్యి పూర్తిగా రాకపోతే తగ్గే సంపాదనకు విడిగా అడగాలి. ప్రతి గీతకు ఒక ఆధారం ఉండాలె. బీడీల అక్కలకు బీడీల లెక్క పుస్తకం, పీఎఫ్ వివరాలు ఆధారం. ఉపాధి హామీ కూలీలకు జాబ్ కార్డు, మస్టర్‌లో ఎన్ని రోజులు పోయిండ్రు, ఎప్పటి నుంచి ఆగిపోయిండ్రు అన్నది ఆధారం. సంఘంలో కిస్తీ కట్టలేకపోతే సంఘం పుస్తకం కూడా చూపొచ్చు. ఇంట్లో పని చేసే అక్కలు "నాకు సంపాదన లేదు కదా" అనుకోవద్దు. ఇంటి పనికి కూడా విలువ ఉందని కోర్టులు ఒప్పుకుంటాయి.

చెయ్యి శాశ్వతంగా బలహీనమైతే సదరం క్యాంపులో పరీక్ష చేయించుకోండి. వైకల్య శాతం రాసిన సర్టిఫికెట్ పరిహారం కేసులో కూడా సాక్ష్యమవుతుంది.

7. వకీలు ఫీజు ఎక్కడి నుంచి తేవాలి?

తేవాల్సిన పని లేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. మెదక్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోన్ చేసినా తోవ చెప్తారు. ఇది దయ కాదు, మీ పింఛన్ లాగానే మీకు చట్టం ఇచ్చింది. మధ్యలో ఎవరికీ పైసలు ఇవ్వకండి.

చివరగా

అన్ని కేసులూ గెలుస్తాయని నేను చెప్పను. కొందరి భుజం నొప్పికి నిజంగానే షుగర్ కారణం కావచ్చు, పాత దెబ్బ కారణం కావచ్చు. అది తేలినా మీకు నష్టం లేదు, సరైన వైద్యం మొదలవుతుంది. కానీ సూది వల్లే చెయ్యి పడిపోయిన మనిషి, చేతిలో కాగితం లేక ఊరుకోవద్దు. రెక్కాడితేగాని డొక్కాడని మనకు రెక్కే ఆస్తి.

ఫోన్‌లో ఈ ఆరు ముక్కలు దాచుకోండి:

- టీకా మానొద్దు. జబ్బంతా కనిపించేటట్టు కూర్చొని వేయించుకోండి.
- కార్డు ఫోటో తీయండి. తారీఖు, టీకా పేరు, ఏ చెయ్యి, రాసి పెట్టండి.
- నొప్పి గట్టిగా ఉంటే 48 గంటల్లోపు డాక్టర్‌కు చూపించి, సూది మాట చీటీ మీద రాయించండి.
- ఆశాకు, ఏఎన్ఎంకు, డాక్టర్‌కు చెప్పి నమోదు చేయించండి. ముద్ర వేసిన కాపీ తీసుకోండి.
- ప్రైవేటైతే వినియోగదారుల కమిషన్, రెండేళ్లలోపు. సర్కారు దవాఖానైతే శాశ్వత లోక్ అదాలత్ గాని సివిల్ దావా గాని, ఆలస్యం చెయ్యకుండా.
- ఉచిత వకీలుకు 15100.

ఇంటికి పోయినాక ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో టీకా కార్డులు ఎక్కడున్నాయో వెతికి, ఒక్కొక్కటి ఫోటో తీసి పెట్టండి. అది ఈరాత్రే అయిపోతది.